శకటును కట్టేసిన మేకలు

మా విడపనకల్లు మందిరము వసారాలో పరచిన కడప బండలలో ఒకదాని మీద సుద్దముక్కతో గీసిన అరవై నాలుగు గళ్లు గడచిన వేసవి అంతా చెరగకుండా ఉన్నాయి. ఆదివారము ఉదయం ఊడ్చేవారు ఊడ్చినా, సోమవారం సాయంత్రానికి గీత మీద గీత మళ్లీ పడేది. సోడా మూతలు ఒక పక్షం, చింతగింజలు ఒక పక్షం. ఏ మూత ఏనుగో, ఏ గింజ గుర్రమో ఆడే పిల్లకు తెలుసు, చూసేవారికి తెలియదు. ఆ పిల్ల మా సంఘములోని ఒక కూలి కుటుంబానికి చెందిన అమ్మాయి. ఎనిమిదవ తరగతి. బడిలో ఒక అయ్యవారు చదరంగం నేర్పించారు. ఇంటి దగ్గర ఆడేందుకు జోడు లేక, రెండు పక్షాలూ తానే ఆడుకొనేది.

మేము ఆ గీతలను చూసీ చూడనట్లు దాటిపోయేవారము. దానికి కారణం చదువరులకు చెప్పక తప్పదు.

ఆ పిల్ల నాయన ఒకప్పుడు పేకాట ఆడేవాడు. జత ఎద్దులు ఆ పేకముక్కల్లోనే పోయాయి. తొమ్మిదేండ్ల క్రిందట ఒక రాత్రి పార్సనేజికి వచ్చి మా ముందు కూర్చొని ఏడ్చి, ఆ కట్టను మా ఇంటివారి పొయ్యిలోనే పడవేశాడు. ఆ రాత్రి ప్రార్థన తరువాత మేము అతనితో ఒక మాట అన్నాము. "పేక ఒక్కటే కాదప్పా, ఆట అనేదే ఇంట్లో పెట్టుకోవద్దు. పాచికలు గానీ, చదరంగం గానీ, అన్నీ ఆ దారి పట్టించేవే." అతడు ఆ మాటను మనసులో రాసిపెట్టుకున్నాడు. మేము మరచిపోయాము.

ఆ మాట అన్న మా ఇంట్లో, ఇనుప పెట్టె అడుగున, ఒక చదరంగం పలక ఉంది!

డిప్లొమా చదివే రోజులలో హాస్టల్లో మాకంటె రెండేళ్లు పెద్దవాడైన ఒక అన్న మాకు ఆ ఆట నేర్పాడు. రాత్రి ప్రార్థన అయిన తరువాత దీపాలు ఆర్పే గంట కొట్టేంత వరకు ఆడేవారము. ఆయన మాకు నేర్పిన ఆరంభం ఒక్కటే. తెల్లపక్షం రాజు ముందరి బంటును రెండు గళ్లు నడుపుతుంది. నల్లపక్షం కూడా అంతే. తెల్లవారు రాజువైపు గుర్రాన్ని దూకించి ఆ నల్లబంటు మీదికి గురిపెడతారు. నల్లవారు మంత్రివైపు గుర్రంతో బంటును కాస్తారు. అప్పుడు తెల్ల శకటు పలకకు అడ్డంగా జారిపోయి, ఆ కాపలా గుర్రం ఎదుట నిలబడుతుంది. దీనిని స్పానిష్ ఆరంభమనీ, రుయ్ లోపెజ్ ఆరంభమనీ అంటారు. "ఇది పాదిరి ఆరంభం, మనవాడిదేరా" అని ఆ అన్న నవ్వేవాడు. మాట నిజమే. రుయ్ లోపెజ్ స్పెయిన్ దేశపు పాదిరి. 1561లో చదరంగం మీద ఆయన వ్రాసిన పుస్తకము అచ్చయింది. అందులో ఈ ఆరంభాన్ని మెచ్చుకొని వివరించాడు గనుక ఆయన పేరే దానికి నిలిచింది. నాలుగున్నర శతాబ్దాలు దాటినా ప్రపంచ పోటీలలో ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇంకొక వింత ఏమంటే, మనం శకటు అనే కాయను ఇంగ్లీషువారు బిషప్ అంటారు. హాస్టల్లో ఎవరి శకటైనా పోతే "మీ బిషప్పుగారు పోయారు" అని గొల్లుమనేవారము. వార్డెనుగారు విన్నారో లేదో గానీ, ఏమీ అనలేదు.

సేవకు వచ్చిన మొదటి సంవత్సరమే ఒక సంఘ పెద్ద ఆ పలకను మా బల్ల మీద చూచి "అయ్యగారూ, ఇది జూదం కదా" అన్నాడు. మేము వాదించలేదు. పెట్టెలో పెట్టివేశాము. వాదించడానికి మా దగ్గర సరుకు లేదనీ కాదు. పదకొండవ శతాబ్దంలో ఇటలీలో కార్డినల్ పేతురు దమియాని, ఫ్లోరెన్సు నగరపు బిషప్పు చదరంగం ఆడాడని కోపించి పోపుగారికి ఉత్తరం వ్రాశాడు. ఆ బిషప్పు చెప్పుకున్న జవాబు ఏమిటంటే, పాచికలు వేరు, చదరంగం వేరు అని. పాచిక పడేది మన చేతిలో లేదు, చదరంగంలో పడే ప్రతి అడుగూ మనదే. తొమ్మిది వందల ఏండ్లకు పైగా జరిగిన వాదమిది. అదంతా ఎందుకులే, పెద్దమనిషిని నొప్పించడమెందుకని ఊరకున్నాము. ఆ ఊరకుండడమే తరువాత అలవాటై, అలవాటు బోధగా మారి, ఒక రాత్రి ఆ కూలిమనిషి ముందు మా నోట వచ్చింది.

పెట్టె మళ్లీ తెరిచింది 2024 డిసెంబరులో. పన్నెండవ తేదీ, గురువారం. క్రిస్మస్ పాటల అభ్యాసానికి వచ్చిన యౌవనస్థులు పాట పుస్తకం వదిలి ఒక సెల్‌ఫోను చుట్టూ మూగి ఉన్నారు. మందలిద్దామని వెళ్లి మేమూ నిలబడిపోయాము. సింగపూరులో ప్రపంచ చదరంగ విజేత పట్టం కోసం పధ్నాలుగవ ఆట జరుగుతోంది. ఒక పక్క చైనా దేశస్థుడు డింగ్ లిరెన్, 2023 నుండి పట్టం ఆయనదే. రెండవ పక్క చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, పద్ధెనిమిదేండ్ల కుర్రవాడు. పదమూడు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ ఆరున్నర చొప్పున సమానం. ఈ ఆట కూడా సమానంగానే ముగుస్తుందని చూసేవారంతా అనుకుంటున్నారు. ఇద్దరి దగ్గరా ఒక ఏనుగు, ఒక శకటు. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. అది చాలక ఓడిపోయేంత తేడా కాదు.

యాభై అయిదవ ఎత్తులో డింగ్ తన ఏనుగును గుకేశ్ ఏనుగుకు ఎదురు పెట్టాడు, మార్చుకుందామని. గుకేశ్ నీళ్లు త్రాగి, మళ్లీ పలక వైపు చూచి, కళ్లు పెద్దవి చేశాడు. ఏనుగులు మారిపోయాయి. మరు ఎత్తులో నల్ల శకటు నడిమికి వచ్చి నిలబడింది. డింగ్ శకటు ఎక్కడుందనుకున్నారు? పలక చివరి మూలలో. దానికి ఉన్నది ఒక్కటే దారి, ఆ దారిలో నల్ల శకటు, దాని వెనుక కాపలాగా నల్ల రాజు. తప్పించుకునే గడి లేదు, మార్చుకోక తప్పదు. శకటులు కూడా పోయాక మిగిలినవి రెండు బంట్లు, ఒక బంటు. రాజుతో రాజు నడిచే లెక్కలో గుకేశ్ బంటు గట్టుకు చేరడం ఖాయం. యాభై ఎనిమిదవ ఎత్తు తరువాత డింగ్ చేయి చాచాడు. 1985లో కాస్పరోవ్ ఇరవై రెండేండ్లకు గెలిచిన పట్టాన్ని ఈ పిల్లవాడు పద్ధెనిమిదేండ్లకు గెలిచాడు.

మాకు జ్ఞాపకమున్నది గెలుపు కాదు. ఆ కుర్రవాడు కళ్లు తుడుచుకుంటూనే కాయలన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి వాటి వాటి గళ్లలో సర్దిపెట్టాడు. ఆ తరువాతే లేచాడు.

గుంపులో అందరి వెనుక, వేళ్లమీద నిలబడి చూస్తూ ఆ అమ్మాయి ఉంది. "శకటు మూలకు పోకుండుంటే బతికిపోతాండె" అంది, ఎవరితోనూ కాదు. ఆ రాత్రి మేము ఇనుప పెట్టె తీశాము.

అదే నెల చివర న్యూయార్కులో కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ పోటీ రెండవసారి గెలిచింది. మొదటిసారి 2019లో మాస్కోలో. గుడివాడ అమ్మాయి. 2002లో పదిహేనేండ్లకే గ్రాండ్ మాస్టర్ అయింది, అంతకుముందు అంత చిన్న వయస్సులో ఏ స్త్రీ ఆ హోదా పొందలేదు. పెండ్లయి, 2017లో బిడ్డను కని, ఆటకు దూరమై, తిరిగి వచ్చి మాస్కోలో గెలిచిన మనిషి. ఈ సంగతులు మేము చెప్పగా ఆ పిల్ల నోరు తెరుచుకొని విన్నది. పేరు విని "హంపి అంటే మన బళ్లారి తట్టు హంపేనా?" అని అడిగింది. కాదమ్మా, చాంపియన్ అనే మాటలోంచి వాళ్ల నాయన తీసిన పేరని చెప్పాము. అయినా అడిగింది తప్పేమీ కాదు. హంపీ విజయనగరంలో కృష్ణదేవరాయలతో బొడ్డుచర్ల తిమ్మన చదరంగమాడేవాడని మన పెద్దలు చాటువులలో చెప్పుకున్నారు. ఈ సీమకు ఆట కొత్త కాదు.

అలా జనవరి నుండి పాదిరి ఆరంభం వసారాలో మొదలైంది. చింతగింజల స్థానంలో మా పాత కొయ్య కాయలు వచ్చాయి. మాకు తెలిసినదంతా, అనగా మూడు నాలుగు ఎత్తులు, నేర్పాము.

2025 ఆగస్టులో అనంతపురంలో పిల్లల పోటీ ఒకటి ఉందని బడి అయ్యవారు చెప్పారు. ప్రవేశ రుసుము, దారి ఖర్చులు కలిపితే రెండు రోజుల కూలి. పిల్ల ఇంట్లో అడిగింది. ఆ సాయంత్రమే వాళ్ల నాయన పార్సనేజి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అయ్యగారూ, పాప యాడికో ఆటకు పోతానంటాండాది. వద్దని మీరే చెప్పల్ల."

మేము కూర్చోమన్నాము. కూర్చోలేదు.

"ఇంట్లో ఆట పెట్టుకోవద్దని మీరే కదా నాకు చెప్పింది. ఆ పొద్దు నుంచి ఒక ముక్క ముట్టినానా? ఇప్పుడు నా కూతురికి మీరే నేర్పిస్తాండారంట."

తొమ్మిదేండ్ల మాటను అతడు మా ముందు కడిగిన పళ్లెంలా తెచ్చి పెట్టాడు. మా ఇంటివారు లోపలి నుండి వింటున్నారు, ఆమె చేతిలో చేట ఆగిపోయింది. బోధ చేసేవారికి ఇటువంటి క్షణాలలో నోటికి వచ్చే మాటలు చాలా ఉంటాయి. ఆ రోజు మాకు ఒక్కటీ అక్కరకు రాలేదు. "ఆ మాట మేము తప్పు చెప్పాము" అన్నాము. అతడు తల ఎత్తి చూశాడు. అయ్యగారు తప్పు చెప్పాననడం అతడు అంతకుముందు విన్నట్లు లేదు. మేమూ అన్నట్లు లేదు.

"దీంట్లో దుడ్డు పెట్టరా?"

"పెట్టరు. గెలిచినవారికి పోటీ జరిపేవారు బహుమతి ఇస్తారు. ఓడినవాని జేబులోంచి ఒక్క పైసా పోదు."

చాలాసేపు ఆలోచించి, "ఒక్కసారి పోనీండి. గెలిస్తే సరి. ఓడితే మళ్లా ఈ మాట ఇంట్లో ఎత్తకూడదు. మీరే హామీ" అన్నాడు. మేము హామీ ఇచ్చాము. ఇవ్వవలసింది కాదేమో అని మా ఇంటివారు తరువాత అన్నారు. ఆమెది సరైన మాటే.

తెల్లవారుజామున మొదటి బస్సుకు ఉరవకొండ మీదుగా అనంతపురం చేరుకున్నాము. దారి పొడవునా వేరుశనగ చేలు వాన కోసం ఎదురుచూస్తూ వాడిన ఆకులతో ఉన్నాయి. పోటీ హాలులోకి పెద్దలను రానివ్వరు. కిటికీ దగ్గర వేపచెట్టు కింద నిలబడితే పిల్లల తలలు కనిపిస్తాయి, పలకలు కనిపించవు. ఒక్కొక్కరికి ఇరవై ఐదు నిమిషాలు. ప్రతి బల్ల మీద రెండు ముఖాల గడియారం, తన ఎత్తు వేసి మీట నొక్కితే ఎదుటివారి కాలం నడుస్తుంది. అటువంటి గడియారాన్ని మా పిల్ల ఆ రోజే ముట్టుకుంది. మొదటి ఆటలో ఎత్తు వేసి మీట నొక్కడం మరచిపోయి రెండు నిమిషాలు పోగొట్టుకున్నదట, అయినా గెలిచింది. ఐదు ఆటలలో నాలుగు గెలిచింది. ఆరవది, ఆఖరిది, గెలిస్తే మొదటి ముగ్గురిలో ఉంటుంది.

ఆ ఆటలో తెల్లకాయలు ఆమెవే. ఎదుట కూర్చున్నది పట్నంలో శిక్షణ పొందిన పన్నెండేండ్ల అబ్బాయి. మా పిల్ల పాదిరి ఆరంభమే ఆడింది. శకటు గుర్రం ఎదుట నిలబడగానే ఆ అబ్బాయి మూల బంటును ఒక గడి నడిపి దానిని తరిమాడు. శకటు ఒక అడుగు వెనక్కి వచ్చింది. అతడు మంత్రి ముందరి బంటును ఒక గడి జరిపాడు, ఆమె తన మంత్రి బంటును రెండు గళ్లు తోసింది. మా బోధ అంతటితో అయిపోయింది, ఇక ఆమె సొంత బుద్ధే. అబ్బాయి మరొక బంటుతో శకటును ఇంకొక అడుగు వెనక్కి తరిమి, గుర్రంతో నడిమి బంటును తీశాడు. గుర్రానికి గుర్రం పోయింది. నడిమిన నల్లబంటు ఒకటి కాపలా లేకుండా నిలబడి ఉంది. ఎవరికైనా చేయి చాచబుద్ధి పుడుతుంది. ఆమె మంత్రితో దాన్ని తీసింది.

అదే వల. నల్లపక్షం మూడవ బంటు రెండు గళ్లు దూకి మంత్రి మీద పడింది. మంత్రి తప్పుకొని, మూల ఏనుగు మీదికీ రాజు ప్రక్క బంటు మీదికీ ఒకేసారి గురిపెట్టింది. నల్ల శకటు అడ్డం వచ్చింది. ఆమె రాజుకు షా చెప్పింది, నల్ల శకటు వెనక్కి అడ్డం పడింది, ఆమె మంత్రి మళ్లీ వెనుకటి గడికే వచ్చింది. అప్పుడు ఆ మూడవ బంటు ఇంకొక అడుగు వేసింది. అంతే! ఆమె శకటుకు ఎదుట బంట్లు, వెనుక తన బంట్లే. పోవడానికి గడి లేదు. రెండు బంట్లు పట్టుకొని శకటును వదులుకుంది. ఆ తరువాత చాలాసేపు పోరాడింది, అబ్బాయికి చెమటలు పట్టించిందని తోటి పిల్లలు చెప్పారు. కానీ ఓడింది.

బయటకు వచ్చి మాకు ఎత్తులన్నీ వరుసగా అప్పజెప్పింది. వింటుండగా మాకు గొంతు తడి ఆరిపోయింది. ఆ వల మాకు తెలుసు! హాస్టల్లో ఆ అన్న ఒక రాత్రి అదే వలలో మమ్మును పట్టి, "దీని పేరు నోవహు ఓడ" అన్నాడు. ఆ మూడు బంట్ల వరుస ఓడ ఆకారంలో ఉంటుందని కొందరు, నోవహు కాలమంత పాత ఎత్తు గనుక ఆ పేరని కొందరు అంటారు. చిన్నపిల్లలే కాదు, 1929లో బుడాపెస్టు పోటీలో ఎండ్రె స్టెయినర్ అనే గొప్ప ఆటగాడు, మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకా ఎదుట అచ్చం ఇవే ఎత్తులు ఆడి ఇలాగే శకటును పోగొట్టుకున్నాడు. ఇదంతా తెలిసి, ఏడు నెలలు నేర్పుతూ, ఈ ఒక్క సంగతి మాకు జ్ఞాపకం రాలేదు. పెట్టెలో పెట్టినప్పుడు పలకతో పాటు అది కూడా అడుగున పడిపోయింది.

ఉరవకొండ బస్టాండులో టీ, బజ్జీలు తీసుకొని కూర్చున్నప్పుడు పిల్లతో చెప్పాము. బజ్జీ చేతిలోనే పట్టుకొని విన్నది.

"ముందే చెప్పింటే బాగుండు కదా అయ్యగారూ" అన్నది.

అవునన్నాము. బస్సు వచ్చేంత వరకు ఇద్దరము మాట్లాడలేదు. బస్సు ఎక్కినాక కిటికీ వైపు తిరిగి, "హంపి అక్క కూడా పోయిన నెల ఓడిపోయింది ల్యాండి" అన్నది. జూలై 28న జార్జియా దేశపు బటూమిలో ప్రపంచ కప్పు చివరి ఆటలో పంతొమ్మిదేండ్ల దివ్య దేశ్‌ముఖ్ చేతిలో హంపి ఓడిన సంగతి. మమ్మును ఓదార్చడానికే అన్నదని మాకు తెలుసు.

చీకటి పడ్డాక వాళ్ల ఇల్లు చేరాము. నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఓడింది అని మేమే చెప్పాము, పిల్లచేత చెప్పించలేదు. తప్పు ఎవరిదో కూడా చెప్పాము. అతడు ఏమీ అనలేదు. హామీ సంగతి ఎత్తుతాడని కాచుకొని ఉన్నాము.

అతనికి బదులు అవ్వ మాట్లాడింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. "యెట్ల ఓడితివే, చూపీ" అన్నది. పిల్ల అరుగు బండ మీద గళ్లు గీసి, మా పలకలోని కాయలు పేర్చి, వలపడిన తావు దాకా ఆడి చూపించింది. అవ్వకు గుర్రం నడక తెలియదు, మంత్రి ఎవరో తెలియదు. కానీ ఆ మూడు నల్లబంట్లనూ, నడుమ చిక్కిన తెల్ల శకటునూ చూడగానే వంగి వేలు పెట్టింది.

"ఓసి! ఇది పులి మేకే కదా. మేకలు పులిని కట్టేసినాయి."

మూడు పులులు, పదిహేను మేకలు. మేకను దూకి చంపడం పులికి చేతనవును. మేకలకు చేతనయ్యేది ఒక్కటే, ఒకదాని పక్క ఒకటి నిలబడి, పులికి అడుగు తీసి పెట్టే చోటు లేకుండా చేయడం. ఊరి రచ్చబండ మీద గీసిన ఆ గీతల దగ్గర అవ్వ పడుచుదనమంతా గడిచిందట. ఎంతోమంది మగవాళ్ల పులులను కట్టేసిందట. కొడుకు కూడా ఈ సంగతి అప్పుడే విన్నట్లున్నాడు, అమ్మ వైపు వింతగా చూశాడు.

"పులి ముందు బయటపడల్ల. మేకను తినేది యాడికి పోతాది, తర్వాత తినొచ్చు" అన్నది అవ్వ.

పిల్ల కాయలను రెండు మూడు ఎత్తులు వెనక్కి జరిపింది. మంత్రి ఆ నడిమి బంటును తీయకముందరి తావు. అక్కడ ఆగి, మంత్రిని ముట్టుకోకుండా శకటును ముందుకు, పలక నడిమికి జరిపింది. శకటు మూల ఏనుగు మీదికి గురిపెట్టింది. నల్ల ఏనుగు పక్కకు తప్పుకోవాలి. శకటు ఇంకొక అడుగు వేసి రాజుకు షా చెబుతుంది. నల్ల శకటు అడ్డం వస్తుంది. శకటుకు శకటు మారిపోతుంది. అప్పుడు మంత్రి నిదానంగా వచ్చి ఆ బంటును తీసుకోవచ్చు. కట్టేయడానికి శకటే లేదు ఇక.

పెద్ద ఆటగాళ్లు ఆ తావులో ఆడే దారి అదే. అక్కడ అవ్వ మాటను పట్టుకొని పిల్ల తనంతట తానే కనుక్కున్నది. మేము నోరు మెదపలేదు.

నాయన అరుగు దిగి బండ దగ్గరికి వచ్చి గొంతుకు కూర్చున్నాడు. చాలాసేపు ఆ కాయలనే చూశాడు. పేక ముక్కలు పట్టిన వేళ్లు గనుక ముట్టుకోవడానికి జంకుతున్నాడని మాకు అనిపించింది. చివరకు పడిపోయి ఉన్న ఒక నల్లబంటును తీసి, దాని గడి ఏదో తెలియక, కూతురి వైపు చాచాడు.

"ఇది యాడిది పాపా? మొదట్నుంచి పెట్టు, చూస్తా."

పిల్ల దానిని అందుకొని, కాయలన్నిటినీ ఒక్కొక్కటిగా వాటి గళ్లలో సర్దడం మొదలుపెట్టింది. మేము పలకను అక్కడే వదిలి ఇంటికి నడిచాము.